ఒళ్లు కాలుతున్నా... నోరు విప్పదు!

కంప్యూటర్‌లో వేడిని కొలిచే సెన్సర్లు ఒకటీ రెండూ కాదు, చాలానే ఉంటాయి. అవి చెప్పే అంకెలు క్షణక్షణం ఆపరేటింగ్ సిస్టమ్‌కి చేరుతూనే ఉంటాయి. కష్టపడి సంపాదించిన డబ్బుతో ఆ మెషీన్ కొనుక్కున్న మనిషికి మాత్రం అవి చాలాసార్లు కనపడవు. వేడి ఎవరికి తెలియాలి అన్నదానిమీద అమెరికాలో కొన్నేళ్లుగా నడుస్తున్న పేచీ ఇది.

ఐస్ ముక్కలుండాల్సిన ఫ్రీజర్‌లో ల్యాప్‌టాప్ ఉంది. పాడైపోయిందని పక్కన పడేసింది కాదు, మార్కెట్లోకి వచ్చి వారం కూడా కాలేదు. 2018 జులైలో ఆపిల్ విడుదల చేసిన 15 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో అది. లోపల ఆరు కోర్ల ఇంటెల్ కోర్ ఐ9 ప్రాసెసర్. అప్పటికి ఆపిల్ ల్యాప్‌టాప్‌ల్లో దాన్ని మించింది లేదు. డేవ్ లీ అనే కెనడా యూట్యూబర్ దాంట్లో ఒక వీడియో ఎడిట్ చేసి తుది ఫైలు తయారుచేయించాడు. మామూలుగా బయట పెట్టి చేస్తే 39 నిమిషాలు దాటింది. అంతకు ముందు ఏడాది వచ్చిన మోడల్, ఇంతకంటే చిన్న ప్రాసెసర్ ఉన్నది, అదే పనిని 35 నిమిషాల్లో ముగించింది. కొత్తదాన్ని ఫ్రీజర్‌లో పెట్టి మళ్లీ చేయించాడు. ఈసారి 27 నిమిషాలు.

ఆ చిప్పుకి ఇంటెల్ చెప్పిన బేస్ స్పీడ్ 2.9 గిగాహెర్ట్జ్. ల్యాప్‌టాప్ వేడెక్కగానే వేగం అంతకంటే కిందికి పడిపోతోంది. వీడియో బయటికొచ్చాక ప్రపంచమంతా తమ తమ మ్యాక్‌బుక్‌లలో వేడినీ వేగాన్నీ పక్కపక్కన పెట్టి చూసుకోవడం మొదలుపెట్టారు. అందుకు చాలామంది వాడింది ఇంటెల్ ఉచితంగా ఇచ్చిన పవర్ గ్యాడ్జెట్ అనే చిన్న ప్రోగ్రామ్. వారం తిరిగేసరికి, జులై 24న, ఆపిల్ తప్పు ఒప్పుకుంది. వేడిని అదుపు చేసే ఫర్మ్‌వేర్‌లో ఒక డిజిటల్ కీ లేకపోవడంవల్ల ఇలా జరిగిందని చెప్పి, క్షమాపణ కోరి, అప్‌డేట్ విడుదల చేసింది.

ఈ కథలో ముఖ్యమైనది ఫ్రీజర్ కాదు. వాడేవాళ్ల చేతిలో అంకెలు ఉన్నాయి. అవి లేకపోతే ‘కొత్తదే, కానీ ఎందుకో నెమ్మదిగా ఉంది’ అనుకుంటూ వాళ్లంతా ఏళ్ల తరబడి సర్దుకుపోయేవారు. ఆ పవర్ గ్యాడ్జెట్‌ని తర్వాత ఇంటెల్ నిలిపేసింది.

మార్చిలో మాయమైన అంకెలు

2025 మార్చిలో విండోస్ వాడేవాళ్లలో చాలామందికి తెరమీద ఒక హెచ్చరిక కనిపించింది. మెషీన్‌లో ప్రమాదకరమైన ఫైలు ఉందనీ, దాన్ని పక్కకు తప్పించామనీ విండోస్ డిఫెండర్ చెబుతోంది. వాళ్లు కొత్తగా ఏమీ దించుకోలేదు. ఆ ‘ప్రమాదకరమైన’ ఫైలు ఏళ్లుగా వాళ్ల కంప్యూటర్లలోనే ఉంది. ఫ్యాన్లు ఎప్పుడు ఎంత వేగంగా తిరగాలో నిర్ణయించే ఫ్యాన్ కంట్రోల్, లోపలి ఉష్ణోగ్రతలన్నీ ఒకచోట చూపించే లిబ్రే హార్డ్‌వేర్ మానిటర్, రంగురంగుల లైట్లను నడిపించే ఓపెన్ ఆర్జీబీ... ఇలాంటి ఎన్నో ప్రోగ్రామ్‌లు దానిమీదే ఆధారపడ్డాయి. పేరు విన్‌రింగ్ జీరో.

దాని అవసరం ఎందుకొచ్చిందంటే, ప్రాసెసర్ తన ఉష్ణోగ్రతను ఎవరు పడితే వాళ్లు చదివే చోట పెట్టదు. ఆపరేటింగ్ సిస్టమ్ గర్భంలో ఉండే కెర్నెల్ మాత్రమే చదవగలిగే రిజిస్టర్‌లో పెడుతుంది. మామూలు ప్రోగ్రామ్‌కి అక్కడికి దారి లేదు. దారి కావాలంటే కెర్నెల్‌లో నడిచే డ్రైవర్ ఉండాలి. ఆ డ్రైవర్ రాసి మైక్రోసాఫ్ట్ ఆమోదముద్ర వేయించుకోవాలంటే ఖరీదైన సర్టిఫికెట్, దానితోపాటు బోలెడు తతంగం. సాయంత్రాలు ఖాళీ చేసుకుని ఉచితంగా ప్రోగ్రామ్ రాసిపెట్టే కుర్రాడికి అదంతా తలకు మించిన పని. దాదాపు రెండు దశాబ్దాల కిందట ఒక జపాన్ ప్రోగ్రామర్ ఇలాంటి డ్రైవర్‌ని రాసి అందరికీ ఇచ్చేశాడు. అప్పట్నుంచీ అందరూ అదే తలుపులోంచి వెళ్తున్నారు.

తలుపు అందరికీ తెరిచి ఉంటే దొంగకీ తెరిచి ఉన్నట్టే. విన్‌రింగ్ జీరోలోని లోపం 2020లోనే అధికారికంగా నమోదైంది. దాన్ని ఆసరా చేసుకుంటే మామూలు ప్రోగ్రామ్ కూడా యంత్రం మొత్తాన్ని గుప్పిట్లోకి తెచ్చుకోవచ్చు. ఇతరుల కంప్యూటర్లలో చాటుగా క్రిప్టో నాణేలు తవ్వుకునే ముఠాలు ఈ డ్రైవర్‌ని వెంటేసుకుని తిరిగాయి. కాబట్టి మైక్రోసాఫ్ట్ చేసింది అన్యాయం అనలేం. కెర్నెల్‌లో ఒక్క పొరపాటు జరిగితే ఏమవుతుందో 2024 జులై 19న ప్రపంచమంతా చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన లోపభూయిష్టమైన అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు కుప్పకూలాయి. విమానాలు ఆగిపోయాయి, ఆసుపత్రుల్లో పనులు నిలిచిపోయాయి. అంతకు రెండు నెలల ముందే మైక్రోసాఫ్ట్ సీఈవో సత్య నాదెళ్ల తన ఉద్యోగులకు స్పష్టంగా రాశారు, భద్రతకూ మరో ప్రాధాన్యానికీ మధ్య ఎంచుకోవాల్సి వస్తే భద్రతనే ఎంచుకోమని. బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివి 2014 నుంచి ఆ సంస్థను నడిపిస్తున్న ఆయన మాటలో తప్పేమీ లేదు.

పాత తలుపు మూసినప్పుడు కొత్తది తెరవాలి కదా! ఆ పని మైక్రోసాఫ్ట్ చేయలేదు. విండోస్‌లోనే వేడి అంకె కనపడేలా చేసి ఉంటే ఎవరూ పెరటి దారి వెతుక్కోవాల్సిన పనే ఉండేది కాదు. చివరికి ఆ బాధ్యతనూ స్వచ్ఛందంగా పనిచేసే ప్రోగ్రామర్లే తలకెత్తుకున్నారు. పాన్ఐవో అనే మరో డ్రైవర్ వచ్చింది. లిబ్రే హార్డ్‌వేర్ మానిటర్ లాంటివి దానిమీదికి మారాయి.

చిప్పుకి ఎలా తెలుస్తుంది?

సిలికాన్‌కి ఒక గుణం ఉంది. దానితో చేసిన చిన్న డయోడ్‌లోంచి స్థిరమైన కరెంటు పంపిస్తూ ఉంటే, వేడి ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ దాని మీద ఓల్టేజి సుమారు రెండు మిల్లీవోల్టుల చొప్పున తగ్గుతుంది. ఆ తగ్గుదలను కొలిస్తే ఉష్ణోగ్రత తెలిసిపోతుంది. తొలిరోజుల్లో దీన్ని కొలిచేందుకు మదర్‌బోర్డు మీద వేరే చిప్పు ఉండేది. 2006లో కోర్ ప్రాసెసర్లతో ఇంటెల్ ఆ కొలతను చిప్పులోకే తెచ్చేసింది.

అయితే ఆ సెన్సర్ ‘ఇప్పుడు 60 డిగ్రీలున్నాను’ అని చెప్పదు. తన గరిష్ఠ పరిమితికి ఇంకా ఎంత దూరంలో ఉన్నానో చెబుతుంది. పరిమితి 100 అయితే, ‘ఇంకా 40 ఉంది’ అంటుంది. తీసివేత చేసుకోవాల్సింది చదివే ప్రోగ్రామే. పరిమితికి దగ్గరపడేకొద్దీ లెక్క కచ్చితంగా ఉంటుంది, చల్లగా ఉన్నప్పుడు తేడా రావచ్చు. ప్రమాదం వేడిలోనే ఉంది కాబట్టి ఈ ఏర్పాటు సబబే.

పరిమితిని తాకగానే చిప్పు ఎవరినీ అడక్కుండా తన వేగాన్ని తనే తగ్గించుకుంటుంది. దీన్నే థ్రాట్లింగ్ అంటారు. అయినా వేడి పెరుగుతూ పోతే కరెంటు తెంపేసుకుంటుంది. ల్యాప్‌టాప్ ఉన్నట్టుండి ఆరిపోయి, ముట్టుకుంటే చురుక్కుమంటే, జరిగింది చాలావరకు ఇదే.

మన వాళ్లకు ఇక్కడొక చిన్న తికమక. అమెరికా వెళ్లిన కొత్తలో వాతావరణం ఫారన్‌హీట్‌లో చెబుతుంటే అలవాటు పడటానికి కొన్నాళ్లు పడుతుంది. జ్వరాన్ని మాత్రం ఇక్కడా అక్కడా ఫారన్‌హీట్‌లోనే చూసుకుంటాం. అమెరికా కంపెనీల చిప్పులు మాత్రం తమ వేడిని సెల్సియస్‌లోనే చెబుతాయి. తెరమీద 95 కనపడితే ‘బయట ఎండ కూడా అంతేగా’ అనుకోకూడదు. అది మరిగే నీటికి ఐదు డిగ్రీల దూరం.

---

■ 1945లోనే థర్మోస్టాట్!

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 1945లో తయారై, 1946లో లోకానికి పరిచయమైన ఎనియాక్ కంప్యూటర్‌లో దాదాపు 18 వేల వాక్యూమ్ ట్యూబులుండేవి. వాటిని చల్లబరచడానికి పెద్దపెద్ద బ్లోయర్లు పెట్టారు. ఏ ప్యానెల్‌లోనైనా వేడి 115 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే సుమారు 46 డిగ్రీల సెల్సియస్ దాటితే విద్యుత్తు ఆపేసేలా థర్మోస్టాట్లు అమర్చారు. ఆపరేటింగ్ సిస్టమ్ అనేదే పుట్టని రోజుల్లో ఉష్ణోగ్రతపై కాపలా ఉంది.

---

కాలిపోయిన ఆథ్లాన్

ఈ కాపలా అన్ని చిప్పులకూ మొదట్నుంచీ ఉందనుకుంటే పొరపాటు. 2001 సెప్టెంబరులో టామ్స్ హార్డ్‌వేర్ అనే పత్రిక ఒక వీడియో తీసింది. కంప్యూటర్‌లో ఆట నడుస్తుండగా ప్రాసెసర్ మీదున్న హీట్‌సింక్‌ని పీకేశారు. ఇంటెల్ పెంటియం 4 వేగం బాగా తగ్గించుకుంది, ఆట నత్తనడక నడిచింది కానీ ఆగలేదు. పెంటియం 3 స్తంభించిపోయింది, చిప్పు మాత్రం బతికింది. కాలిఫోర్నియా సంస్థ ఏఎండీ తయారుచేసిన ఆథ్లాన్ నుంచి పొగ లేచింది. దాని వేడి వందల డిగ్రీలకు చేరింది. కొన్ని క్షణాల్లో చిప్పు మాడిపోయింది. ఆ పొగను లక్షలమంది చూశారు. ఆ తర్వాతి తరాల్లో ఏఎండీ కూడా రక్షణను చిప్పులోనే పెట్టింది.

ఆపరేటింగ్ సిస్టమ్‌కి వేడి గురించి చెప్పే పద్ధతి అప్పటికే ఉంది. 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ఏసీపీఐ అనే ప్రమాణాన్ని విడుదల చేశాయి. కంప్యూటర్‌ని థర్మల్ జోన్లుగా విడగొట్టి, ఏ వేడి దగ్గర ఫ్యాన్ తిరగాలి, ఏ వేడి దగ్గర వేగం తగ్గాలి, ఎక్కడ మెషీన్ ఆపేయాలి అని అందులో రాసుకున్నారు. కొలత మాత్రం కెల్విన్‌లో, అదీ పదో వంతుల్లో. 3232 అని వస్తే పదితో భాగించి, 273 తీసేయాలి. దాదాపు 50 డిగ్రీలన్నమాట. ఇంజినీర్లకు ఇబ్బంది లేదు. ఇంట్లో వాడుకునే మనిషిని దృష్టిలో పెట్టుకుని చేసిన ఏర్పాటైతే కాదు.

లినక్స్ వాడేవాళ్లు 1998 ప్రాంతంలో తమ దారి తాము వేసుకున్నారు. ఎల్ఎం-సెన్సర్స్ అనే ప్రాజెక్టు మొదలైంది. మదర్‌బోర్డు కంపెనీలు సెన్సర్ల వివరాలు సరిగా ఇచ్చేవి కావు. ఏ చిప్పు ఎక్కడుందో తడుముకుంటూ, ఒక్కో చిరునామానూ కదిలించి చూస్తూ కనిపెట్టేవారు. ఆ తడుములాటలో పెద్ద దెబ్బే తగిలింది. కొన్ని ఐబీఎం థింక్‌ప్యాడ్లలో సెన్సర్ కోసం వెతుకుతుంటే, మెషీన్ మొదలవడానికి కావాల్సిన సమాచారం దాచుకున్న చిన్న మెమరీ చిప్పు చెడిపోయింది. అవి ఇక లేవలేదు. బోర్డు మార్పించుకోవడం తప్ప మార్గం లేకపోయింది. తర్వాత ఐబీఎం మెషీన్ అయితే ఆ వెతుకులాటే చేయకుండా ప్రోగ్రామ్‌లో అడ్డుకట్ట వేశారు. వేడి ఎంతో తెలుసుకోవాలన్న కోరికకు జనం ఎంత మూల్యం చెల్లించారో చెప్పే ఉదంతమిది. కంపెనీలు ఆ వివరాలు ముందే ఇచ్చి ఉంటే ఒక్క థింక్‌ప్యాడ్ కూడా పోయేది కాదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఎవరెంత చెబుతారు?

విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిస్తే గ్రాఫిక్స్ కార్డు ఉష్ణోగ్రత కనిపిస్తుంది. ఈ సదుపాయం 2020 మే అప్‌డేట్‌తో వచ్చింది. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్న మెషీన్లకే అది. అసలు ప్రాసెసర్ వేడి మాత్రం లేదు.

మ్యాక్‌లో యాక్టివిటీ మానిటర్ ఏ ఉష్ణోగ్రతా చూపదు. ప్రోగ్రామ్‌లు రాసేవాళ్లకు ఆపిల్ నాలుగు మాటలు ఇచ్చింది: మామూలు, కాస్త ఎక్కువ, తీవ్రం, ప్రమాదం. అంకె లేదు. ఇంటెల్ చిప్పులున్న పాత మ్యాక్‌లలో టెర్మినల్ తెరిచి పవర్‌మెట్రిక్స్ అనే ఆదేశమిస్తే డిగ్రీలు కనిపించేవి. ఆపిల్ సొంత చిప్పులొచ్చాక అదీ పోయి, వేడి ఒత్తిడి ఎంతుందో మాటల్లో చెప్పడం మిగిలింది. ఐఫోన్ అయితే పరిస్థితి చెయ్యి దాటాకే నోరు తెరుస్తుంది, చల్లబడేదాకా వాడొద్దని. 2023 సెప్టెంబరులో ఐఫోన్ 15 ప్రో చేతిలో కాలిపోతోందని కొన్నవాళ్లు గగ్గోలు పెట్టారు. ఐఓఎస్ 17లోని లోపం, ఇన్‌స్టాగ్రామ్, ఉబర్ లాంటి కొన్ని యాప్‌లు కారణమని ఆపిల్ చెప్పింది. అక్టోబరు 4న అప్‌డేట్ ఇచ్చింది. అప్పుడూ జనం దగ్గర ఉన్న కొలమానం అరచెయ్యే.

లినక్స్ ఒక్కటే దాపరికం లేకుండా ఉంది. ప్రతి సెన్సర్ అంకె ఒక చిన్న ఫైలులా కనిపిస్తుంది. తెరిస్తే 45000 అని ఉంటుంది, అంటే 45 డిగ్రీలు. ఎవరైనా చదవొచ్చు, పాస్‌వర్డ్ అక్కర్లేదు. వాల్వ్ సంస్థ 2022లో తెచ్చిన స్టీమ్ డెక్ ఈ లినక్స్ మీదే నడుస్తుంది. ఆట ఆడుతున్న పదిహేనేళ్ల పిల్లాడు ఒక బటన్ నొక్కి, కాసిన్ని సెట్టింగులు మార్చుకుంటే ప్రాసెసర్ వేడి తెర మూలన కనిపిస్తుంది. అదేదో బ్రహ్మవిద్య కాదని దీన్నిబట్టే అర్థమవుతుంది.

అంకె ఉన్నంత మాత్రాన...

కంపెనీల వైపు వాదన కూడా వినాలి. అంకె చూపిస్తే జనం అనవసరంగా హడలిపోతారని అంటారు. అందులో కొంత నిజముంది. 2017 మార్చిలో ఏఎండీ రైజెన్ 1800ఎక్స్ వచ్చినప్పుడు కొన్నవాళ్లు బెంబేలెత్తారు. ఏ పనీ చేయకుండానే వేడి విపరీతంగా ఉన్నట్టు కనపడింది. తర్వాత ఏఎండీ అసలు విషయం బయటపెట్టింది. కొన్ని మోడళ్లలో అసలు వేడికి 20 డిగ్రీలు కలిపి చెబుతున్నారు. వేర్వేరు మోడళ్లకు ఫ్యాన్లు ఒకే తీరున తిరగడానికి చేసిన ఏర్పాటట. ఆ సంగతి ముందే చెబితే ఎవరూ భయపడేవారు కాదు. 2022లో వచ్చిన రైజెన్ 7000 చిప్పులైతే పని ఎక్కువైనప్పుడు 95 డిగ్రీల దగ్గరే నడిచేలా తయారయ్యాయి. పదేళ్ల కిందటి లెక్కతో చూస్తే గుండె గుభేల్‌మంటుంది.

వేడి అన్నిటినీ ఒకేలా పాడుచేయదు కూడా. 2007లో గూగుల్ పరిశోధకులు తమ డేటా సెంటర్లలోని లక్షకు పైగా హార్డ్‌డిస్కుల రికార్డులు తిరగేశారు. వేడిగా నడిచిన డిస్కులే ముందు పోతాయన్న నమ్మకం నిలబడలేదు. బాగా ఎక్కువ వేడి దగ్గరా, పాతబడిన డిస్కుల్లోనూ తప్ప ఆ సంబంధం కనపడలేదు. చల్లగా ఉన్నవే కొన్నిసార్లు ఎక్కువగా చెడిపోయాయి. ఎన్నో ఏళ్లు లోకమంతా నమ్మిన మాటను సెన్సర్ల రికార్డులే సరిదిద్దాయి. అంకెలు జనాన్ని తికమకపెడతాయన్న వాదనకు ఇదే జవాబు. సరైన అంకె, దానికి రెండు వాక్యాల వివరణ ఇస్తే ఎవరికైనా అర్థమవుతుంది.

టంకం పగిలిన రోజులు

చిప్పుకి తన రక్షణ తాను చూసుకోవడం వచ్చు. ఇబ్బంది చిప్పుని బోర్డుకి అతికించిన టంకం దగ్గరా, దాని చుట్టూ ఉన్న పదార్థాల దగ్గరా వస్తుంది. ఒకే వేడి నిలకడగా ఉంటే పెద్ద బాధ లేదు. వేడెక్కడం, చల్లారడం, మళ్లీ వేడెక్కడం... రోజూ ఇలా జరుగుతుంటే ఒక్కో పదార్థం ఒక్కోలా వ్యాకోచించి, సంకోచించి, అతుకుల్లో కంటికి కనపడని పగుళ్లు పడతాయి.

2007 జులైలో మైక్రోసాఫ్ట్ తన ఎక్స్‌బాక్స్ 360 వారంటీని మూడేళ్లకు పెంచింది. మూడు ఎర్ర దీపాలు వెలిగి ప్రాణం పోయిన మెషీన్లు ఇళ్లలో గుట్టలుగా పడ్డాయి. ఆ మరమ్మతులకు వంద కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టాల్సి వచ్చింది. 2008 జులైలో ఎన్విడియా వంతు. ల్యాప్‌టాప్‌ల్లో వాడిన తమ గ్రాఫిక్స్ చిప్పుల్లో నాసి పదార్థం వాడటంవల్ల అవి మామూలు కంటే ఎక్కువగా చెడిపోతున్నాయని ప్రకటించి, 15 నుంచి 20 కోట్ల డాలర్లు కేటాయించింది. ఆపిల్, డెల్, హెచ్‌పీ ల్యాప్‌టాప్‌లు కొన్నవాళ్లు కోర్టుకెక్కారు. 2010లో రాజీ కుదిరింది.

ఈ మధ్యలో డెల్, హెచ్‌పీ ఒక పని చేశాయి. బయోస్ అప్‌డేట్ ఇచ్చాయి. దాంతో ఫ్యాన్ మునుపటికంటే ఎక్కువసేపు తిరగడం మొదలుపెట్టింది, వేడి హెచ్చుతగ్గులు తగ్గడానికి. అది మందు కాదు, రోగాన్ని వాయిదా వేయడం. ఆ రోజుల్లో ల్యాప్‌టాప్ ఎందుకు ఊరికే హోరెత్తుతోందో తెలియక, బ్యాటరీ ఎందుకు తొందరగా అయిపోతోందో అర్థంకాక జనం సతమతమయ్యారు. చిప్పు వేడి తెరమీద ఉండి ఉంటే ఎన్ని వేలమంది వారంటీ గడువులోపే మేలుకునేవారో!

---

■ ఒళ్లో పెట్టుకుంటే...

44 డిగ్రీల వేడి ఆరు గంటలపాటు తగిలినా చర్మం కాలుతుందని 1947లోనే హార్వర్డ్ పరిశోధకులు మోరిట్జ్, హెన్రిక్స్ తేల్చారు. 2010లో పీడియాట్రిక్స్ అనే అమెరికా వైద్య పత్రిక, రోజూ గంటల తరబడి ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఆడిన 12 ఏళ్ల పిల్లాడి తొడ మీద వలలా మచ్చలు పడ్డ కేసును ప్రచురించింది. దీన్ని ‘టోస్టెడ్ స్కిన్ సిండ్రోమ్’ అంటారు. లోపలి చిప్పుకి 90 డిగ్రీలు మామూలే అయినా, అడుగు భాగం అంత వేడెక్కకూడదు. అందుకే ఇప్పటి చాలా ల్యాప్‌టాప్‌ల్లో పైతొడుగు వేడిని చూసే సెన్సర్లు విడిగా ఉంటాయి.

---

టెక్సస్ ఎండ, ఆఫీసు ల్యాప్‌టాప్

ఆగస్టు చివర్లో డాలస్‌లోనో ఆర్లింగ్టన్‌లోనో దిగిన మన విద్యార్థుల గదులు ఎలా ఉంటాయో అమెరికా వెళ్లొచ్చిన ఎవరికైనా తెలుసు. రెండు పడగ్గదుల అపార్ట్‌మెంట్‌లో నలుగురు. మంచాలు ఉండవు, ఎయిర్ మ్యాట్రెస్‌లు. బల్ల కొనడానికి ఇంకా డబ్బుల్లేవు. ఇంటినుంచి తెచ్చుకున్న ల్యాప్‌టాప్ ఆ పరుపుమీదే. అడుగున గాలి పీల్చుకునే కంతలు పరుపులోకి కూరుకుపోతాయి. నేలంతా కార్పెట్, దాని నూగు ఫ్యాన్ రెక్కలకు చుట్టుకుంటుంది. రాత్రి అసైన్‌మెంట్ గడువు ముంచుకొస్తుంటే మెషీన్ ఉన్నట్టుండి నీరసిస్తుంది. పిల్లాడు ర్యామ్ తక్కువైందనుకుంటాడు, వైరస్ అనుకుంటాడు, చివరికి విండోస్ మళ్లీ ఎక్కిస్తాడు. ఒక అట్ట పుస్తకం మీద పెట్టి, ఫ్యాన్ దుమ్ము దులిపితే సరిపోయేది. ఇండియాలో కొన్న ల్యాప్‌టాప్‌కి అక్కడ వారంటీ పనిచేయకపోతే, కొత్తదానికి పెట్టే ఖర్చు ఆ కుటుంబానికి చిన్నది కాదు.

ఫీనిక్స్‌లో ఉండేవాళ్ల కష్టం ఇంకో రకం. 2023లో అక్కడ వరసగా 31 రోజులు 110 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 43 సెల్సియస్‌కి తగ్గలేదు. మ్యాక్‌బుక్‌లను 35 డిగ్రీలు మించిన చోట వాడొద్దని ఆపిల్ చెబుతుంది. కారులో వదిలేసి గుడికో, మాల్‌కో వెళ్లొచ్చేసరికి మొదట దెబ్బతినేది బ్యాటరీ. లిథియం బ్యాటరీకి వేడి తగిలితే తగ్గిన సామర్థ్యం మళ్లీ రాదు.

ఫీనిక్స్ ఉన్న అరిజోనా రాష్ట్రంలోనే, యూనివర్సిటీ ఆఫ్ అరిజోనాకి 2024 అక్టోబరు నుంచి అధ్యక్షుడిగా ఉన్నది గరిమెళ్ల సురేశ్. ఐఐటీ మద్రాసులో చదివి, పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్ పరికరాలను చల్లబరిచే పద్ధతుల మీద పరిశోధన చేసే కూలింగ్ టెక్నాలజీస్ రీసెర్చ్ సెంటర్‌ని నడిపించారు. వేడి ఎక్కడ పుడుతోందో తెలుసుకోవడం మీద కెరీర్‌లే నిలబడ్డాయి.

అన్నిటికంటే మింగుడుపడని పరిస్థితి ఉద్యోగులది. ఎడిసన్‌లోనో ఫ్రిస్కోలోనో ఇంటినుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ ముందున్న ల్యాప్‌టాప్ ఆయనది కాదు, కంపెనీది. అందులో భద్రత కోసం పెట్టిన నాలుగైదు ప్రోగ్రామ్‌లు ఎప్పుడూ ఫైళ్లను జల్లెడ పడుతుంటాయి. వీడియో మీటింగ్ మొదలవగానే ఫ్యాన్ హోరు అవతలివాళ్లకీ వినిపిస్తుంది. గొంతు తెగిపోతుంది. ‘మీ లైన్ బాగాలేదు’ అంటారు. వీసా మీద, ప్రాజెక్టు మీద ఆధారపడిన మనిషికి ఆ మాట ఊరికే వదిలేసేది కాదు. ఉష్ణోగ్రత చూపించే ప్రోగ్రామ్ ఎక్కించుకుందామంటే అడ్మిన్ హక్కులుండవు. ఉన్నా ఎక్కించకూడదు, కంపెనీ నియమాలు ఒప్పుకోవు.

ఏ హక్కులూ లేకుండానే ఒక పని చేయొచ్చు. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, ఆపైన సీపీయూ మీద నొక్కితే ‘స్పీడ్’, ‘బేస్ స్పీడ్’ అని రెండు అంకెలుంటాయి. పని భారం నిండుగా ఉండి కూడా స్పీడ్ బేస్ స్పీడ్ కంటే కిందే ఉండిపోతే, ప్రాసెసర్‌ని ఏదో కట్టేస్తోందన్నమాట. చార్జర్ తక్కువ వాట్లది కాకపోతే అది చాలావరకు వేడే. ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ చిట్టా తెరిచి 37 నంబరు ఎంట్రీలు ఉన్నాయేమో చూడాలి. ఫర్మ్‌వేర్ ప్రాసెసర్ వేగాన్ని పరిమితం చేస్తోందని విండోస్ అక్కడ రాసిపెడుతుంది. తేదీ, టైముతో సహా. 41 నంబరు ఉంటే మెషీన్ సరిగా ఆగకుండానే ఆరిపోయిందని అర్థం. వాటిని ఫొటో తీసి ఐటీ హెల్ప్‌డెస్క్‌కి పంపితే ‘నెమ్మదిగా ఉంది’ అన్న ఫిర్యాదుకి లేని బలం దానికొస్తుంది.

---

■ భవనానికే వేడి చేస్తే

* 2013 మార్చి: మైక్రోసాఫ్ట్ డేటా సెంటర్‌లో ఫర్మ్‌వేర్ అప్‌డేట్ వికటించి, గదిలో వేడి ఒక్కసారిగా పెరిగింది. హాట్‌మెయిల్, ఔట్‌లుక్ సేవలు కొందరికి 16 గంటలు అందలేదు.
* 2022 సెప్టెంబరు 5: కాలిఫోర్నియాలో రికార్డు ఎండలకు ట్విటర్ శాక్రమెంటో డేటా సెంటర్ పూర్తిగా ఆగిపోయింది.
* 2025 నవంబరు: చికాగో శివారు అరోరాలోని డేటా సెంటర్‌లో కూలింగ్ దెబ్బతిని, సీఎంఈ ఎక్స్ఛేంజ్‌లో ఫ్యూచర్స్ ట్రేడింగ్ పది గంటలకు పైగా నిలిచిపోయింది. అది థ్యాంక్స్‌గివింగ్ రాత్రి, బయట గడ్డకట్టే చలి.

---

ఏది తెరవాలి, ఏది మూయాలి

భద్రత పేరుతో అన్నీ మూసేయనక్కర్లేదని చెప్పడానికి ఒక మంచి ఉదాహరణ ఉంది. 2020 నవంబరులో ఆస్ట్రియాలోని గ్రాజ్ సాంకేతిక విశ్వవిద్యాలయం, మరికొన్ని సంస్థల పరిశోధకులు ‘ప్లాటిపస్’ అనే దాడిని బయటపెట్టారు. ఇంటెల్ ప్రాసెసర్ ఎంత విద్యుత్తు వాడుతోందో చెప్పే అంకెను గమనిస్తూ కూర్చుంటే, లోపల దాచిన రహస్య తాళంచెవులను (కీలను) కూడా కనిపెట్టవచ్చని నిరూపించారు. లినక్స్ వెంటనే ఆ విద్యుత్తు అంకెను మామూలు వాడకందార్లకు కనపడకుండా చేసింది. ఉష్ణోగ్రతను మాత్రం ఎప్పటిలాగే తెరిచి ఉంచింది. ఏ అంకెతో ప్రమాదం ఉందో, ఏది జనానికి అవసరమో విడివిడిగా ఆలోచించి తీసుకున్న నిర్ణయం అది.

విండోస్ కెర్నెల్‌కి ఆ అంకె చదివే హక్కు ముందునుంచీ ఉంది. దాన్ని మైక్రోసాఫ్టే తెరమీద చూపిస్తే బయటి డ్రైవర్ అక్కర్లేదు, దొంగలకు తలుపూ ఉండదు. ఇప్పుడు టాస్క్ మేనేజర్‌లో సీపీయూ మీద నొక్కితే వేగం, కోర్లు, థ్రెడ్లు, మెషీన్ ఎన్ని గంటలనుంచి నడుస్తోందో కూడా కనిపిస్తుంది. వాటి పక్కన ఉష్ణోగ్రత కూడా ఉండాలి. 2020లో గ్రాఫిక్స్ కార్డుకి ఇచ్చిన ఆ ఒక్క వరసను ప్రాసెసర్‌కి కూడా ఇవ్వడానికి మైక్రోసాఫ్ట్ ఎవరి అనుమతీ తీసుకోనక్కర్లేదు.